ఫ్యాబ్ అడిగే ముందు

విజయనగరంలో పాత ల్యాప్‌టాప్‌కు ర్యామ్ పెంచుకుందామని షాపుకెళ్లినవారికి 2025 చివరి నుంచి ధర వింటే గుండె గుభేలుమంటోంది. దేశంలో ఫ్యాబ్‌లకు, అంటే చిప్పుల ఫ్యాక్టరీలకు, శంకుస్థాపనలు జరుగుతుంటే ఈ కొరతేమిటని, మన జిల్లాకూ ఒకటి కావాలని అడిగేవాళ్లున్నారు. చిప్పులన్నీ ఒక్కటి కావు.

ఏఐ సర్వర్లకు వాడే హెచ్‌బీఎం మెమరీకి, మామూలు కంప్యూటర్లలో వాడే, అంతే సామర్థ్యమున్న డీడీఆర్‌5 మెమరీ కంటే దాదాపు మూడింతల వేఫర్ (చిప్పులు చెక్కే పలచని సిలికాన్ పళ్లెం) కావాలని మెమరీ కంపెనీ మైక్రాన్ లెక్క. శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ తమ లైన్లను అటు మళ్లించేసరికి ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మిగిలేది తగ్గింది. పైగా హెచ్‌బీఎం కోసం డైలను, అంటే వేఫర్ నుంచి కోసిన చిప్పు ముక్కలను, ఒకదానిపై ఒకటి పేర్చాలి. ఒక్కో పొర నూటికి 99 సార్లు సరిగ్గా అతికినా, 12 పొరలు పూర్తయ్యేసరికి నూటికి 11 దొంతరలు పాడవుతాయి. కొత్త ఫ్యాబ్ కట్టడానికి రెండు మూడేళ్లు. ఆ తర్వాత కూడా వేఫర్ లైన్లోంచి బయటికి రావడానికి సుమారు మూడు నెలలు. గిరాకీకి అంత ఓపిక ఉండదు.

గుజరాత్‌లోని ధొలేరాలో టాటా కడుతున్న ఫ్యాబ్ నెలకు 50,000 వేఫర్ల సామర్థ్యంతో, 28 నానోమీటర్లు, అంతకంటే పాత తరం చిప్పులకు. వాహనాలకు మేలే. అవి ర్యామ్ చిప్పులు కావు కాబట్టి, దానివల్ల ర్యామ్ ధర దిగుతుందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మక్కర్లేదు.

జిల్లాలో సిలికాన్‌కు మూలమైన క్వార్ట్జ్ రాయి ఉంది కాబట్టి మనకూ ఫ్యాబ్ కావాలన్న వాదనకూ పస లేదు. రాయి దొరకడం కష్టం కాదు, దాన్ని 99.9999999 శాతానికి పైగా శుద్ధి చేయడం కష్టం. కరెంటు సంగతి సరేసరి. 2019 జూన్‌లో జపాన్‌లోని యొక్కయిచిలో 13 నిమిషాలు కరెంటు పోతే అక్కడి మెమరీ చిప్పుల ఫ్యాక్టరీ కోలుకోవడానికి నెల పట్టింది. మన దగ్గర తుపానే అక్కర్లేదు, మామూలు గాలివాన చాలు.

అడగాల్సింది ప్యాకేజింగ్, టెస్టింగ్: అంటే వేరేచోట తయారైన చిప్పును పెంకులో అమర్చి పరీక్షించే పని. ఏడాదికి 9.6 కోట్ల యూనిట్ల ప్యాకేజింగ్ ప్లాంటును కేంద్రం 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌కు ఆమోదించింది. వేఫర్‌ను పలచగా అరగదీయడం, ముక్కలుగా కోయడం, డై అతికించడం, వెంట్రుక కన్నా సన్నని తీగతో కలపడం, మోల్డింగ్, పరీక్ష: డిప్లొమా చదివినవారు నేర్చుకోగల పనులివి. జేఎన్‌టీయూ గురజాడలోనో, శ్రీకాకుళం పాలిటెక్నిక్‌లోనో ఒక డైసింగ్ (వేఫర్ కోసే) యంత్రం, ఒక వైర్ బాండర్ (తీగ అతికించే యంత్రం) పెట్టి శిక్షణ మొదలుపెట్టాలి. మన సముద్రతీరపు తేమను మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. తేమ పీల్చిన ప్యాకేజీని బోర్డుకు అతికించేటప్పుడు 250 డిగ్రీల వేడికి ఆ తేమ ఆవిరై పై పెంకు పగులుతుంది. అందుకే 125 డిగ్రీల వద్ద గంటల తరబడి ఆరబెట్టే ఓవెన్, తేమ చొరని సంచులు మొదటి రోజు కొనుగోలు జాబితాలోనే ఉండాలి.