చచ్చిపోయిన భాషకి క్లాసులెందుకు అన్న పెద్దమనిషికి

మొన్న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఒక బర్త్‌డే పార్టీలో ఇక్కడి మూలవాసుల కౌర్ణ భాష మాట వచ్చింది. మనవాడే ఒకాయన బిర్యానీ కలుపుకుంటూ, "చచ్చిపోయిన భాషండీ అది. పుస్తకం చూసి మళ్లీ తయారు చేస్తున్నారు, అదేం భాష! దానికి క్లాసులెందుకు?" అనేశాడు. అక్కడ నోరు పెగల్లేదు. ఇక్కడ కక్కేస్తున్నా.

చచ్చిపోలేదు సార్, నోరు నొక్కేశారు. 1839 డిసెంబర్‌లో టైకెల్‌మాన్, షూర్‌మాన్ అనే జర్మన్ మిషనరీలు టోరెన్స్ నది ఒడ్డున బడి పెట్టారు. మతం కోసమే, కాదనను. కానీ పాఠం చెప్పింది కౌర్ణలోనే. ఆ పిల్లలు తమ భాషలో జర్మనీకి ఉత్తరాలు కూడా రాశారు! 1845లో గవర్నర్ గ్రే హయాంలో ఆ బడి మూసేసి పిల్లల్ని ఇంగ్లీషు బడికి తోలారు. భూములు పోవడం, రోగాలు సరేసరి. భాష బాగా తెలిసిన చివరి మనిషిగా చెప్పుకునే ఇవారిట్జి 1929లో పోయారు.

ఇక ఆ 'పుస్తకం'. ఆ మిషనరీలిద్దరూ 1840లో వ్యాకరణం, రెండు వేల దాకా మాటలు అచ్చేశారు. మన బ్రౌన్ దొర తెలుగు వ్యాకరణం వచ్చిందీ ఆ ఏడాదే. బ్రౌన్ లేకపోయినా తెలుగు ఉండేది. కౌర్ణ వాళ్లకి ఆ పుస్తకమే దిక్కయింది. భాషని మళ్లీ బతికించడం 1990 ప్రాంతంలో పాటలతో మొదలుపెట్టారు. 2002లో కౌర్ణ పెద్దలు అలితియా రిగ్నీ, లూయిస్ ఓబ్రయన్, భాషావేత్త రాబ్ అమెరీ ఒక కమిటీగా కూర్చున్నారు. లేని మాటలు కట్టుకున్నారు. మెదడు, మెరుపు కలిపి కంప్యూటర్‌కి 'ముకర్న్‌టు' అన్నారు. మనమేమో గణనయంత్రం అంటే పడీపడీ నవ్వుతాం.

నిజమే, ఇది అచ్చంగా 1840 నాటి కౌర్ణ కాదు. ఆ పెద్దమనిషి మాత్రం బిర్యానీ నన్నయ తెలుగులో అడిగాడా?

టోరెన్స్‌కి ఇప్పుడు కర్రవిర్ర పర్రి అని కూడా అధికారికంగా పేరుంది. ఆదివారం అక్కడ మా వాడికి ఆ పేరు చదివి వినిపిస్తే, "నాన్నా, కర్ర అంటే స్టిక్ కదా?" అన్నాడు. చుట్టరికమేమీ లేదురా, వీళ్ల కర్ర అంటే ఒడ్డునున్న ఆ రెడ్ గమ్ చెట్టు, విర్ర అంటే అడవి, పర్రి అంటే నది అని చెప్పాను. వాడికి తెలుగు చదవడం రాదు. పార్టీలో నా నోరు పెగలకపోవడానికి అదీ ఒక కారణమే.