ఆరొందల ఎమ్మెమ్ లెన్సు దొరవారికి

మహారాజశ్రీ 150-600 ఎమ్మెమ్ కెమెరా జూమ్ లెన్సు గారి దివ్య సముఖానికి,

తమరు క్షేమమే, నాకు తెలుసు. బ్యాగులో మెత్తటి అరలో, పక్కన తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలేసుకుని పడుకున్నారు, ఈ ఇంట్లో ఇంకెవరికీ అంత సుఖం లేదు, ఏప్రిల్ ఎండకి మేమంతా ఫ్యాను కింద ఉడుకుతున్నాం. ఇవాళ మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యానికి మాట్లాడకుండా ఉండలేక రాస్తున్నా. ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేంటి, ఎదురుగా కూర్చుని చెప్పొచ్చు కదా అంటారేమో. ఎదురుగా ఉన్నది తమకి కనబడదు కదండీ! గొడవంతా అదే కదా!

అసలు మిమ్మల్ని తెచ్చుకున్నదే మన శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం పక్షుల కోసం. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు దాటాక వచ్చి ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుకుని ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోతాయి, ఆ పిల్లలు రెక్కలు విదిలించుకునే టైముకి ఎలాగైనా అక్కడుండాలని నా ప్లాను. సరిగ్గా అప్పుడే, 2020 మార్చి 25 నుంచి కరోనా లాక్‌డౌను. ఇది రాసేటప్పటికి మన జిల్లాలో ఒక్క కేసు లేదు, పక్కన విజయనగరంలోనూ లేదు, అయినా మన బండి ఊరి చివర బారికేడ్ దాటలేదు. అక్కడున్న పోలీసాయన మిమ్మల్ని కిందా మీదా చూసి, "ఏటి బాబూ, పిట్టల కోసమా? పిట్టలే ఇంటికెల్లిపోతన్నాయి, నువ్వెల్లవేటి?" అన్నాడు. దానికి మీరేమైనా సమాధానం చెప్పారా? లేదు. రెండు కిలోల బరువుతో నా మెడకి వేలాడుతూ ఊరుకున్నారు.

సరే, ఇంటి దగ్గరే తీసుకుందాం అనుకున్నా. పంజాబులో జలంధర్ వాళ్ళకి లాక్‌డౌనుతో పొల్యూషన్ తగ్గి మేడ మీంచి ధౌలాధార్ మంచుకొండలు కనిపిస్తున్నాయంట, ఫోటోలు చూసే ఉంటారు. మా డాబా ఎక్కితే సింటెక్స్ ట్యాంకులు కనిపిస్తాయి, నల్లవి. దాని వెనక ఇంకో నల్లది. పోనీ ట్యాంకు మీద కాకినైనా తీద్దామని మిమ్మల్ని స్టాండు మీద నిలబెట్టానో లేదో, వెనకవీధి పిల్లలు పోలీసు డ్రోన్ వచ్చిందని అరుచుకుంటూ ఇళ్ళల్లోకి పరుగు, వాళ్ళ డాబా మీద వడియాలు పెడుతున్న పిన్నిగారు కొంగు సర్దుకుని కిందికి దిగిపోయి మా అమ్మకి ఫోను. ఇప్పుడు నాకు సాయంత్రం ఆరు దాటాకే డాబా పర్మిషన్. ఆ వెలుతురుకి మీరు ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే చురుకు) 6400 ఇస్తే గానీ కన్ను తెరవరు.

ఇంటర్నెట్ గురువుల సంగతి వేరే. ఇంట్లోనే అద్భుతాలు తియ్యొచ్చు, ఒక ఫోర్క్ తీసుకుని దాని నీడ తియ్యండి అంటారు. మా ఇంట్లో ఫోర్క్ లేదండీ. గరిటె నీడ తీశా, గరిటెలాగే వచ్చింది.

ఇంక అసలు విషయానికొస్తా. మా వంటింటి కిటికీ బయట, పాత కేబుల్ వైరు కొసకి తేనెపిట్ట గూడు కట్టింది. సాలీడు దారాలు, ఎండుటాకులు, చెట్టు పెచ్చులు తెచ్చి తెచ్చి పొట్లంలా అల్లి, గుమ్మం మీద చిన్న చూరు కూడా పెట్టుకుంది. కట్టిందంతా ఆడదే. మగాడు నల్లగా, ఎండ పడితే ఊదా రంగులో నిగనిగలాడుతూ వచ్చి దండెం మీద కూర్చుని పాటలు పాడి పోతాడు (ఇలాంటివాళ్ళు మా వీధిలోనూ ఉన్నారు, పేర్లొద్దు). తేలినీలాపురం నేను వెళ్ళలేకపోయానని పక్షులే నా కిటికీకి వచ్చినట్టయింది. ఊచలకీ గూటికీ మధ్య మూడడుగులు.

తమరికి ఫోకస్ పడే కనీస దూరం ఎంతండీ? రెండు మీటర్ల డెబ్బై. దాదాపు తొమ్మిదడుగులు! మనిషికీ మనిషికీ మీటరు దూరం చాలని సర్కారే అంది, తమరికి మాత్రం దాదాపు మూడు మీటర్లు కావాలి, ఏం అంటుకుంటుందనో? దగ్గర్నుంచి చూపిద్దామంటే లోపల మోటారు ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ కొట్టుకోవడమే తప్ప ఫోకస్ పడదు, పిట్ట ఒక పసుపు మరక. వెనక్కి జరిగా. స్టవ్ అడ్డం. ఇంకా వెనక్కి జరిగా, గ్రైండరు. ఆ దారిన లెక్కేసుకుంటూ పోతే తమకి ఫోకస్ కుదిరే స్థలం ఇంట్లో ఒక్కటే తేలింది, మా దేవుడి గది.

అక్కడే కూర్చున్నానండీ ఇవాళ మధ్యాహ్నమంతా, దీపం కుందుల మధ్య, అటు వంటగది గుమ్మంలోంచి ఇటు కిటికీలోంచి గూటికి గురిపెట్టి. అమ్మ వచ్చి చూసింది. "ఓలమ్మో, ఆ గొట్టమెట్టుకుని దేముడి గదిలో కూకున్నావేటిరా! నాను చారు పోపెయ్యద్దేటి?" అంది. పోపు పెట్టింది. పొగంతా మీ ముందుకే. అది తగ్గేసరికి ఆవిడ కిటికీ దగ్గర నిలబడి కరివేపాకు దూస్తోంది. ఆవిడ తప్పుకునేసరికి గూట్లోంచి పిల్ల తల బయటపెట్టింది, చూరు కింద నుంచి, ముక్కు మూలల్లో ఇంకా పసుపు పోలేదు. నేను నొక్కా. మీరు వెతికారు. ముందుకీ, వెనక్కీ. అది ఎగిరిపోయింది. రెండోది కూడా పోయింది. మీరు చివరికి ఫోకస్ పట్టింది కిటికీ ఊచకి, దాని మీద తుప్పు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది, అభినందనలు.

ఏప్రిల్ 7 రాత్రి చంద్రుడు దగ్గరికొచ్చాడని డాబా ఎక్కి తీశాం గుర్తుందా? దగ్గరంటే 3 లక్షల 57 వేల కిలోమీటర్లు. దాని మీద మచ్చలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా చూపించావు, నేనే నోరు తెరిచి చూశా, అబద్ధం ఎందుకు. అంత కన్నున్నవాడివి గుమ్మంలో పిట్టని చూడలేవా? ఎందుకురా మరి నువ్వు? రిజర్వ్ బ్యాంకు మూడు నెల్లు కిస్తీ వాయిదా వేసుకోమంది గానీ వడ్డీ మాఫీ చెయ్యలేదు, ఇక్కడ నువ్వు పడుకున్నా నీ వడ్డీ పడుకోదు! కెమెరాకీ నీకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబనే ఖాళీ గొట్టం పెడితే నిన్ను కాస్త ముందుకి జరిపి దగ్గరి చూపు తెప్పించొచ్చు, ఆర్డర్ పెడదామంటే ఆన్‌లైన్లో నిత్యావసరాలు మాత్రమే అంటున్నారు. నువ్వు దేనికీ అవసరం కాదని వాళ్ళకీ తెలిసిపోయింది.

ఇంకోటి విను. ఆ పిల్లలు ఎగిరేముందు మా మేనకోడలు గుంట, స్క్రీను పగిలిన ఫోనుతో ఊచల్లోంచి చెయ్యి చాపి ఒక్క ఫోటో తీసేసింది. పిల్ల నోరు తెరిచి, తల్లి ముక్కు అందులో పెట్టి, ఎంత బాగుందంటే చూసిన ఐదు నిమిషాలు నేను మాట్లాడలేదు. అది ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. పెదనాన్న రిప్లై ఇచ్చాడు: "శభాష్ రా అబ్బాయ్, పెద్ద లెన్సంటే లెన్సే!" కింద పన్నెండు దండాలు, అన్నీ నీకే. గుంట నన్ను చూసింది, నేను నిన్ను చూశా.

నిన్నమ్మేద్దామన్నా ఈ టైములో కొనేవాడు లేడు. వానల్లో బూజు పడితే ఆ కాస్త ధర కూడా రాదని సిలికా జెల్ మారుస్తున్నా, ప్రేమ అనుకునేవు. అక్టోబర్లో గూడబాతులు మళ్ళీ దిగుతాయి, అప్పటికి దారులు తెరిస్తే పిలుస్తా. ముందు సీటు మేనకోడలిది, నువ్వు డిక్కీలో.

ఇట్లు,
నీ కిస్తీలు కట్టేవాడు,
శ్రీకాకుళం