‘చూసొద్దాం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘చూసొద్దాం’ గారికి,

అంతర్వేది పక్క ఊరి నుంచి మీ పాత శిష్యుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఏటికి నీళ్ళొచ్చినా, సముద్రం వెనక్కి పోయినా, కరెంటు స్తంభం ఒరిగినా అందరికన్నా ముందు అక్కడుండేది మీరే.

మీ తప్పేం లేదు లెండి. మిమ్మల్ని ముద్దు చేసి చెడగొట్టింది గోదావరే. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మా లంకల్లో పిల్లలకి ఎక్కాలు రాకపోయినా ఇవి వచ్చు. భద్రాచలంలో 53 అడుగులు దాటిందని టీవీవాళ్ళు గొంతు చించుకున్నాక కూడా ఆ నీళ్ళు మా దాకా రావాలంటే బోలెడు తీరిక. ఈలోగా గొడ్లని గట్టెక్కించి, బియ్యం అటకెక్కించి, బండి తీసి బ్యారేజీ మీద ఫోటో దిగి, దారిలో బజ్జీలు తిని ఇంటికొచ్చినా వరద ఇంకా దారిలోనే ఉంటుంది. తుపానుదైతే మరీ మర్యాద. పేరు పెట్టించుకుని, నాలుగు రోజుల ముందే కబురు పంపి, రేవుల్లో నంబర్లు ఎగరేయించుకుని మరీ వస్తుంది. ఇలా చెప్పి వచ్చే చుట్టాలకి అలవాటు పడ్డ ప్రాణం మనది.

సునామీకి ఆ పద్ధతి లేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం, పైగా పౌర్ణమి. ఉదయం ఆరున్నరకి సుమత్రా దగ్గర సముద్రం అడుగున నేల కదిలింది, తీవ్రత 9.1. అల మన తీరానికి రావడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. అంటే మా ఊళ్ళో బస్సెక్కిన మనిషి ఇంచుమించు రాజమండ్రి చేరేంత సేపు. అంత సేపూ మనకి చెప్పిన నాథుడు లేడు. పసిఫిక్ మహాసముద్రానికి 1949 నుంచీ కాపలా ఉంది గానీ హిందూ మహాసముద్రాన్ని దేవుడికి వదిలేశారు. ఆంధ్ర తీరంలోనే వందమందికి పైగా పోయారు. ఆ రోజు విషయంలో మిమ్మల్ని ఒక్క మాట కూడా అనను.

ఆ తర్వాత సంగతే మీతో మాట్లాడాలి. 2007 అక్టోబరులో హైదరాబాద్‌లో సముద్రం సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం పెట్టారు. సముద్రం లేని ఊళ్ళో సముద్రానికి చెవి ఏమిటని నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడనిపిస్తోంది, అదే మంచిదైంది. పక్కనే సముద్రం ఉంటే మీరు వాళ్ళనీ లేవదీసుకుపోయేవారు.

వాళ్ళ పనితనం వింటే మీకు కొంచెం సిగ్గేస్తుందేమో. నడిసముద్రంలో సునామీ ఎత్తు చాలాసార్లు గజం కూడా ఉండదు, జెట్ విమానమంత వేగంతో పోతుంది. పైన నావలో ఉన్నవాడికి తెలియను కూడా తెలియదు. ఒడ్డు దగ్గరికొచ్చి, లోతు తగ్గి, వేగం తగ్గాకే అది లేచి నిలబడుతుంది. అందుకని అడుగున ఒక పరికరం కూర్చుని తన నెత్తిన ఉన్న నీటి బరువు తూస్తూ ఉంటుంది. ఒక్క సెంటీమీటరు తేడా వచ్చినా పట్టేస్తుంది. (మా చేపల రేవులో తక్కెడ అంత నిక్కచ్చిగా ఉంటే మేమెప్పుడో బాగుపడేవాళ్ళం.) అది పైన తేలే బోయాకి చెబుతుంది, బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాద్‌కి. ఈలోపు భూకంపాలు కొలిచే కేంద్రాల లెక్కలు వచ్చేస్తాయి, మొదటి కబురు పది నిమిషాల్లో బయల్దేరాలన్నది అక్కడి నియమం. మన దేశానికే కాదు, ఆస్ట్రేలియా, ఇండోనేషియాలతో కలిసి ఈ సముద్రం చుట్టూ ఉన్న దేశాలకీ కబురు పంపుతారు.

ఇంత కష్టపడి కబురు మా ఊరు చేరితే ఇక్కడ గుమ్మంలో కూర్చుని ఉన్నది ఎవరు? తమరు.

2012 ఏప్రిల్ 11 గుర్తుందా? మధ్యాహ్నం రెండు దాటాక మళ్ళీ సుమత్రా వైపే భూకంపం, తీవ్రత 8.6. మైకులో "తీరం వదిలి వెనక్కి వెళ్ళిపోండి" అంటున్నారు. మా బావమరిది బండి స్టార్ట్ చేసి "బావా, చూసొద్దాం పద" అన్నాడు. ఎక్కాను. అబద్ధం ఆడను, నాకూ సరదాగానే ఉంది. దారంతా బైకులే, అన్నీ సముద్రం వైపే. ఎదురొచ్చిన పోలీసు దణ్ణం పెట్టి మరీ చెప్పాడు, "ఆయ్, ఇప్పుడే వచ్చేత్తామండి" అని ముందుకే పోయాం. ఇసుకలో మా వాడు బండిని ఊరి వైపు తిప్పి స్టాండు వేశాడు. ఎందుకురా అంటే, "అల వస్తే వెంటనే బయల్దేరడానికి." విపత్తు సన్నద్ధత అంటే మా ఇంట్లో అదీ.

అల రాలేదు. "ఉత్తదే" అని అందరం ఉసూరుమన్నాం, సినిమా టికెట్టు డబ్బులు పోయినట్టు. ఉత్తది కాదు. ఈసారి భూమి పలకలు పక్కకి జరిగాయి, నేల పైకి లేవలేదు, అందుకని నీటిని పెద్దగా తొయ్యలేదు. బోయాలు అది చూసి చెప్పాయి, హెచ్చరిక తీసేశారు. యంత్రం ఠంచనుగా పని చేసిన రోజు అది. మీ రికార్డులో మాత్రం "చెప్పానా, ఏం కాదని" అని రాసుకున్నారు.

1996 నవంబరు 6, తుపాను విరుచుకుపడ్డ రాత్రి ఎక్కడున్నారు మీరు? ఆ రాత్రి కోనసీమలో ఎవరూ ‘చూసొద్దాం’ అనలేదు. తెల్లారి చూస్తే కొబ్బరి చెట్లకి తలలు లేవు. వేటకెళ్ళినవాళ్ళ కోసం ఆడవాళ్ళు రేవులో ఎన్నాళ్ళు నిలబడ్డారో మా అమ్మ ఇప్పటికీ చెప్పదు.

2023లో ఫోన్లన్నీ ఒక్కసారే కీచుమన్నాయి చూడండి, ప్రభుత్వం వారి అలర్టు పరీక్ష. మా మేనత్త ఫోను మీద బిందె బోర్లించింది. ఓకే నొక్కితే బ్యాంకులో డబ్బు పోతుందని కాసేపట్లో ఊరంతా పాకింది. ఆ పుకారు వెళ్ళిన వేగం చూస్తే, కబురు పంపడానికి ఉపగ్రహం దేనికి, మా మేనత్త చాలు అనిపించింది.

సరే, మిమ్మల్ని ఊరొదిలి పొమ్మంటే పోయే రకం కాదు. ఒక చిన్న మనవి, ముఖం కాస్త ఇటు తిప్పండి. మాకు కొండల్లేవు, గట్టి మేడలూ, ఆ తుపాను షెల్టరూ మాత్రమే దిక్కు. దాని తాళంచెవి ఎవరి దగ్గరుందో చూసొద్దాం అనండి. పోయిన వానాకాలం అడిగితే, చెవి ఉన్నాయన పెళ్ళికని రాజమండ్రి వెళ్ళాడన్నారు. లోపల ధాన్యం బస్తాలు ఎవరివో చూసొద్దాం అనండి. మంచంలో ఉన్న మా పెద్దనాన్నని మెట్లెక్కించడానికి ఎంతమంది కావాలో, ఎంతసేపు పడుతుందో ఒకసారి మోసి చూద్దాం అనండి. సముద్రం ఉన్నపళంగా వెనక్కి పోయి చేపలు ఇసుకలో కొట్టుకుంటుంటే మాత్రం మీరు నోరెత్తకండి. అలా వెనక్కి పోకుండా కూడా సునామీ రావచ్చట, కాబట్టి ఆ సూచన కోసం ఒడ్డున కాపలా కాయడమూ వద్దు.

నవంబరు 5 ప్రపంచ సునామీ అవగాహన దినం. ఆ రోజు షెల్టరు దగ్గర కలుద్దాం. బైకు మీద రావద్దు, నడిచి రండి, ఎంతసేపు పడుతుందో లెక్క తెలుస్తుంది.

ఇట్లు,
మీ బండి వెనక సీటు మనిషి

తా.క. ఉత్తరం అంటించే ముందు షెల్టరు దాకా నేనే వెళ్ళి చూసొచ్చాను. తలుపు తీసే ఉంది. బస్తాల మధ్య పేకాట నడుస్తోంది. ఒక చెయ్యి తక్కువైందట, కూర్చోమన్నారు.