వడ్డికాసుల లెక్కలో దొరల బాకీ

పాపాలు వదిలించుకునే విషయంలో మా తిరుపతికున్న అనుభవం ఐక్యరాజ్యసమితికి లేదు. గొప్పకు చెప్పడం లేదు. కాంట్రాక్టర్లు, మంత్రులు, సినిమావాళ్లు, వడ్డీ వ్యాపారులు దేశం నలుమూలల నుంచీ వచ్చి, కల్యాణకట్టలో గుండు కొట్టించుకుని, హుండీలో ఇంత పడేసి, అలిపిరి దిగేసరికి ఏ పాపమూ ఎరగని పసిపిల్లలైపోవడం మేం రోజూ చూస్తున్నదే. అందుకే బానిస వ్యాపారం, వలస పాలన తాలూకు పాత పాపాలతో ఫలానా దేశం సతమతమవుతోందని పేపర్లో చదివినప్పుడల్లా వాళ్లకో మంచి మాట చెప్పాలనిపిస్తుంది. మా ఊరికి రండి సామీ. ఇక్కడ రూము దొరకడం కష్టం గానీ పరిహారం సులువు.

కాకపోతే వచ్చేముందు అప్పుల విషయంలో మా స్వామి పద్ధతి తెలుసుకుని రావాలి. పద్మావతమ్మతో పెళ్లికి ఆయన కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. పత్రం రాసిచ్చాడు. కలియుగాంతం దాకా వడ్డీ కడతానన్నాడు, కడుతున్నాడు. (మన డబ్బుతోనే కడుతున్నాడనుకోండి, అది మనకూ ఆయనకూ మధ్య వ్యవహారం.) పెళ్లి ఎవరిదో అప్పు వాళ్లదే, వడ్డీ వాళ్లదే. పెళ్లిలో విస్తళ్లు ఎత్తినవాళ్ల మీద కుబేరుడు ఏనాడూ నోటు రాయించుకోలేదు.

దొరల ధర్మశాస్త్రం వేరు. ఫ్రాన్స్ వలసగా ఉన్న హైతీలో బానిసలు 1791లో తిరగబడ్డారు. నెపోలియన్ పంపిన సైన్యాన్ని సైతం తరిమికొట్టి 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ యుద్ధనౌకలు పంపించి, మీ స్వాతంత్ర్యాన్ని మేం గుర్తించాలంటే 15 కోట్ల ఫ్రాంకులు కట్టండన్నాడు. తోటలూ మనుషులూ చేజారి నష్టపోయిన యజమానులకు పరిహారమట! తన్నులు తిన్నవాడే, తన్నినవాడి కాలు బెణికిందని కట్టు కట్టించినట్టు. మొదటి కిస్తీకే డబ్బు చాలకపోతే ఆ అప్పూ ఫ్రెంచి బ్యాంకులే ఇచ్చాయి, వాటి వడ్డీ వాటికుంది. 1838లో దయతలచి మొత్తాన్ని 9 కోట్లకు తగ్గించారు. దాని తాలూకు అప్పులన్నీ తీరేసరికి 1947 వచ్చింది. 2025లో అధ్యక్షుడు మాక్రాన్ ఈ సంగతి తేల్చడానికి రెండు దేశాల చరిత్రకారులతో ఒక కమిషన్ ప్రకటించాడు. రెండొందల ఏళ్లకు కమిషన్. మన రెవెన్యూ ఆఫీసులను ఇకమీదట ఎవరూ ఒక్క మాట అనకూడదు.

బ్రిటన్ మర్యాదస్తుల దేశం. 1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం చేసింది, 2 కోట్ల పౌండ్ల పరిహారం కూడా ఇచ్చింది. ఆ రోజుల్లో అది ప్రభుత్వం ఏడాదికి పెట్టే ఖర్చులో దాదాపు 40 శాతం. పుచ్చుకున్నది మాత్రం యజమానులు. విడుదలైనవాళ్లకు పెన్నీ కూడా రాలేదు సరికదా, పని నేర్చుకునే నెపంతో అదే దొర దగ్గర ఇంకొన్నేళ్లు ఊరికే చాకిరీ చేయాల్సి వచ్చింది. 1838లో గానీ అది ఆగలేదు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. 2018లో అక్కడి ఖజానా శాఖ ఈ సంగతిని ట్విట్టర్‌లో గొప్పగా చాటుకుంది, మీ పన్నులతోనే తీర్చామహో అని. జనం దుమ్మెత్తిపోశాక ఆ ట్వీటును తీసేసింది. ఒకప్పుడు బ్రిటన్ బానిసలతో తోటలు సాగించిన జమైకా నుంచి వెళ్లి లండన్‌లో బస్సులు నడుపుకున్నవాళ్లు కట్టిన పన్నులు కూడా అందులో ఉన్నాయి. ముత్తాతను కొన్నవాడికి మునిమనవడు సొమ్ము చెల్లించాడన్న మాట. కుబేరుడు వింటే పత్రం చించేసి సన్యాసం పుచ్చుకుంటాడు.

ఆ 1833 చట్టంలో ఓ మూల చిన్న మినహాయింపు ఉంది: ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఇది వర్తించదు. అంటే చిత్తూరుకు వర్తించదు. మన దగ్గర బానిసత్వానికి కోర్టుల్లో విలువ పోయింది 1843లో వచ్చిన ఐదో చట్టంతో.

1843 అనగానే తిరుపతి వాళ్లకు ఇంకొకటి గుర్తుకు రావాలి. ఆర్కాటు నవాబు చేసిన అప్పుల పుణ్యమా అని కొండ మీది రాబడి మీద కంపెనీకి అజమాయిషీ దొరికింది. 1801 నుంచి ఈ సీమ అంతా కంపెనీదే, గుడి పెత్తనమూ కంపెనీదే. ఎవరు ఏం చేయాలో, ఎవరికెంత ముట్టాలో 1821లో బ్రూస్ దొర పేరుతో ఒక కోడే రాసి పెట్టారు. గోవిందా అని జనం వేసిన కానుకల్లో ఖర్చులు పోగా మిగిలింది కంపెనీ ఖజానాకు నడిచేది. తీరా దొరల మనస్సాక్షి ఒకనాడు ఉలిక్కిపడి లేచింది. దేనికయ్యా అంటే, పరాయివాళ్ల కానుకలు తిన్నందుకు కాదు, క్రైస్తవులై ఉండి విగ్రహారాధనకు ఊడిగం చేస్తున్నారని ఇంగ్లండులో మతబోధకులు గోలపెట్టినందుకు. దాంతో 1843లో పెత్తనాన్ని హథీరాంజీ మఠం మహంతుకు అప్పగించి చేతులు కడుక్కున్నారు. తిన్నది జీర్ణమైంది, దేవుడి నీడ పడిన మైల మాత్రం పోగొట్టుకున్నారు. ఇంత శుచి శుభ్రం మా పెద్దపెద్ద ఆచార్లకు కూడా చేతకాదు.

మిగతావాళ్లూ తక్కువ తినలేదు. అప్పట్లో తన వలస అయిన నమీబియాలో 1904 నుంచి 1908 దాకా హెరెరో, నామా ప్రజలను ఊచకోత కోసిన జర్మనీ 2021లో అది జాతిహననమేనని ఒప్పుకుని, 30 ఏళ్లలో 110 కోట్ల యూరోలు ఇస్తానంది. కాకపోతే అది అభివృద్ధి సాయమేనట, పరిహారమని ఎవరూ పొరపాటున కూడా అనుకోకూడదట. బెల్జియం తన వంతుగా 2022లో, తన పాత వలస కాంగో నాయకుడు లుముంబా నోటి పంటిని తిరిగిచ్చింది. 1961లో ఆయన్ను చంపి శవాన్ని ఆసిడ్‌లో కరిగించినప్పుడు ఒక పోలీసు అధికారి దాచుకున్న పన్ను అది. మనిషి పోయాడు, దేశం గుల్లయింది, పన్ను దక్కింది. డచ్చివాళ్లు నయం. 2023లో వాళ్ల రాజే నిలబడి, బానిసత్వం పాపానికి నోరారా క్షమించమన్నాడు. గుండు ఒక్కటే తక్కువ.

ఇక మన సంగతి. కొండ మీద నిలువుదోపిడీ మొక్కని ఒకటుంది. ఒంటి మీదున్న నగానట్రా అంతా ఒలిచి స్వామికి ఇచ్చేయడం. ఇష్టపడి మొక్కుకున్నవాళ్లే ఇస్తారు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో పుట్టిందని మనం చెప్పుకునే కోహినూరు కూడా అలాంటి మొక్కేనని 2016లో సాక్షాత్తూ మన ప్రభుత్వ వకీలు, సొలిసిటర్ జనరలే సుప్రీంకోర్టులో సెలవిచ్చారు. సిక్కు యుద్ధాల్లో సాయానికి బదులుగా మహారాజా రంజిత్ సింగ్ ఇష్టపూర్తిగా ఇచ్చాడట, అది దొంగసొత్తు కాదట. రంజిత్ సింగ్ పోయింది 1839లో. యుద్ధాలు మొదలైంది 1845లో. వజ్రం చేతులు మారింది 1849లో, ఆయన కొడుకు దులీప్ సింగ్ నుంచి. అప్పటికి ఆ పిల్లాడికి పదేళ్లు. పదేళ్ల పిల్లాడు, చుట్టూ తుపాకులు పెట్టుకుని, నిలువుదోపిడీ మొక్కుకున్నాడు. గోల చెలరేగాక మర్నాడే ప్రభుత్వం సర్దుకుంది, సామరస్యంగా తెప్పించే ప్రయత్నం చేస్తామని.

ఈ మాట చదివి మా చిన్నాయన ఊగిపోయాడు. గాంధీ రోడ్డు టీ అంగడిలో ఆయన ఊగిపోతే బెంచీ కూడా ఊగుతుంది. "ఒరే అబ్బయ్యా, దోచుకున్నదంతా కక్కించాల్రా! అసలొకటే కాదు, చక్రవడ్డీ కట్టి వసూలు చెయ్యాల!" అంటా ఉండాడు. ఆయనకు పాకాల దగ్గర మామిడి తోట ఉంది. ఏటా కాయ దామలచెరువు మండీకి పోతుంది. తోటలో ఒక యానాది కుటుంబం ఉంటోంది. ఎప్పుడో పిల్లాడి జ్వరానికని ఇచ్చిన ఎనిమిది వేలు చిన్నాయన నల్లట్ట పుస్తకంలో ఇప్పుడు ముప్పై వేలై కూర్చుంది. సంక్రాంతికి ఇచ్చిన పాత చీర కూడా ధర కట్టి, తేదీ వేసి ఉంది. మొగుడూ పెళ్లాం తవ్విన పాదులు, మోసిన గంపలు, కాసిన రాత్రులు మాత్రం ఏ పేజీలోనూ లేవు.

"వాళ్లను వేరే చోటికి పనికి పోనిస్తావా చిన్నాయనా?" అన్నాను.

"బాకీ తీర్చి పొమ్మను, నేనేమన్నా కట్టేసినానా? ఇంట్లో మనుషుల మాదిరి చూసుకుంటా ఉండాను" అన్నాడు. జమైకా తోటల యజమానులదీ సరిగ్గా ఇదే పాట.

1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం గురించి చెప్పాను. ఆ బాకీ చట్టం దృష్టిలో ఎప్పుడో మాఫీ అయిపోయిందని, ఇంకా వసూలు చేస్తే మూడేళ్ల దాకా జైలని, ఆర్డీవో ఆఫీసులో ఎవరైనా అర్జీ పెడితే చాలునని. చిన్నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. పుస్తకం తీసి ముప్పై వేల దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఆలోచించాడు.

"సరే, పంపించేస్తా. చట్టాన్ని కాదంటామా? మరి నా ముప్పై వేలు గవర్నమెంటోళ్లు ఎప్పుడిస్తారో కనుక్కోని చెప్పు. అప్లికేషను సచివాలయంలో ఇయ్యాల్నా, ఆన్‌లైన్లోనా?"