ఫ్రిజ్ తలుపు మీద ఉద్యోగం

కార్మిక చట్టాలను శ్రద్ధగా తిరగేసిన వారికి వాటిలో ఒక పెద్ద లోపం కనబడక మానదు. గనుల్లోనూ, మిల్లుల్లోనూ, ఇటుక బట్టీల్లోనూ పసిపిల్లలు పని చేయరాదని రాశారు గానీ, ఎక్కడో పరాయి దేశంలో ఎవరి వంటింట్లోనో ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అతుక్కుని ఏడాది పొడుగునా నవ్వుతూ ఉండే పనికి గంటలు ఎన్ని, సెలవులు ఎన్ని అన్న సంగతి ఏ చట్టంలోనూ లేదు. నెలనెలా సొమ్ము పంపే పరాయి దేశపు దాత, అంటే స్పాన్సర్, ఉన్న పిల్లలు తమ ఫోటో ద్వారా చేసే ఉద్యోగం అదే. ఆ ఉద్యోగంలోకెల్లా కష్టమైన రోజు, దాతగారి చర్చి సంఘం వారు మిషన్ యాత్ర, అంటే సేవాయాత్ర, పేరిట విమానమెక్కి, తాము పోషిస్తున్న బిడ్డను కళ్ళారా చూసుకునేందుకు దిగే రోజు. ఆ ఒక్క రోజు పనిభారాన్ని సంబంధిత అధికారుల దృష్టికి తేవడమే ఈ వ్యాసకర్త సవినయ ప్రయత్నం.

దాతల మీద విరుచుకుపడుతున్నానని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఒక దాతకు ఒక బిడ్డ, ఒక ఫోటో, నెలకు ఇంత సొమ్ము అనే ఏర్పాటు నిన్నా మొన్నా పుట్టింది కాదు. స్పెయిన్ అంతర్యుద్ధం రోజుల్లో, 1937లో, జాన్ లాంగ్డన్ డేవిస్ అనే బ్రిటిష్ పత్రికా రచయిత నిలువ నీడ లేని పిల్లల కోసం మొదలుపెట్టిన పథకంలోనే దాతకూ బిడ్డకూ నడుమ వ్యక్తిగతమైన బంధం ఉండాలన్న ఆలోచన ఉంది. కొరియా యుద్ధంలో అనాథలైన పిల్లలను చూసి తల్లడిల్లిన ఎవరెట్ స్వాన్సన్ అనే అమెరికన్ సువార్తికుడు 1952లో వేసిన పునాది మీద లేచిందే కంపాషన్ ఇంటర్నేషనల్ అనే నేటి స్పాన్సర్‌షిప్ సంస్థ. పది లక్షల మంది ఆకలితో ఉన్నారంటే జేబులోకి పోని చెయ్యి, ఒక్క పిల్ల పేరూ వయసూ ఇష్టమైన రంగూ తెలిస్తే పోతుందని ఆ పెద్దలకు బాగా తెలుసు. ఫలితం కూడా వచ్చింది. 2013లో బ్రూస్ వైడిక్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రకటించిన అధ్యయనం ఆరు దేశాల్లో పదివేల మందికి పైగా వివరాలు సేకరించి, ఆ సంస్థ స్పాన్సర్‌షిప్ వల్ల పిల్లల చదువు 1.03 నుంచి 1.46 ఏళ్ళ దాకా పెరిగిందనీ, పెద్దయ్యాక నెలజీతం వచ్చే ఉద్యోగం దొరికే అవకాశం కూడా హెచ్చిందనీ తేల్చింది. అంటే నెలనెలా వెళ్ళే సొమ్ము తన పని తాను బుద్ధిగా చేసుకుపోతోంది. దాన్ని అలా ప్రశాంతంగా పని చేసుకోనివ్వక, దాని వెనకే మనుషులు కూడా పెట్టెలు సర్దుకుని ఎందుకు బయలుదేరతారన్నదే అసలు చిక్కు.

బయలుదేరేవారు ఊరికే రారు. ముందుగా అర్జీ పెట్టుకోవాలి, తమకు నేరచరిత్ర లేదని రుజువు చేసుకోవాలి, సంస్థ ఉద్యోగి పక్కన లేనిదే బిడ్డతో మాట్లాడరాదు, చిరునామాలు ఇచ్చిపుచ్చుకోరాదు. ఇవన్నీ మంచి నియమాలే, పిల్లల రక్షణ కోసం పుట్టినవే. రక్షణ లేనిదల్లా ఒక్క విషయంలోనే, పెద్దల కన్నీళ్ళ నుంచి.

ఒక సందర్శనను దగ్గరగా చూద్దాం. ఎనిమిదేళ్ళ పిల్ల. బడి మానిపించి, తల దువ్వి, ఉన్నవాటిలో మంచి గౌను తొడిగి, పొద్దున్నే తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మధ్యాహ్నం దాటాక ఒకే రంగు టీషర్టులు వేసుకున్న పద్నాలుగు మంది బస్సు దిగారు. వారిలో తన దాత ఎవరో పిల్లకు తెలియదు. ఫోటోలో ఉన్నావిడకు టోపీ లేదు, ఇక్కడ అందరికీ టోపీలున్నాయి. అందుకని పిల్ల ముందుజాగ్రత్తగా అందరినీ చూసి నవ్వింది. ఆ పద్నాలుగు నవ్వుల్లో పదమూడు అదనపు పని కిందికి వస్తాయని లెక్కలు తెలిసినవారు గమనించాలి.

అసలు దాత ముందుకొచ్చి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లను గట్టిగా హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కొత్త మనిషి తన భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే ఏం చేయాలో పిల్లకు ఎవరూ నేర్పలేదు. అయినా తమ్ముణ్ణి ఊరుకోబెట్టిన అనుభవం ఉంది గనుక వీపు మీద మెల్లగా తట్టింది. నలభై ఏళ్ళావిడను ఎనిమిదేళ్ళ పిల్ల ఓదారుస్తున్న ఆ ఘట్టాన్ని మిగతా పదమూడు మందీ ఫోన్లలో పట్టుకున్నారు. కుడిచెయ్యి చేసే ధర్మం ఎడమచేతికి తెలియరాదని మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో ఉన్న మాటకు ఇక్కడ భంగం కలిగిందని కొందరు గొణుగుతారు గానీ, అది నిలవదు. కుడిచెయ్యి పిల్ల భుజం మీద ఉంది, ఎడమచెయ్యి సెల్ఫీ తీస్తోంది. దేని పనిలో అది ఉన్నప్పుడు దేనికి ఏది తెలిసిందని నిరూపించడం కష్టం.

తర్వాత కానుకల సంచి విప్పారు. రంగు పెన్సిళ్ళు, స్టిక్కర్లు, సబ్బుబుడగల సీసా, ఒక స్వెట్టరు. స్వెట్టరు ఫ్రిజ్ మీది ఫోటోకు సరిపోయేలా అల్లింది. ఫోటో తీసి రెండేళ్ళయింది, అందులోని పిల్ల ఎదగలేదు, కుర్చీలోని పిల్ల ఎదిగింది. స్వెట్టరు చివరకు తమ్ముడికి సరిపోయింది. ఈ తమ్ముడికి స్పాన్సర్ లేడు, కనుక ఫోటోలు తీసేటప్పుడు అతణ్ణి మర్యాదగా పక్కకు జరిపారు.

మాటలు మొదలయ్యాయి. దాత నాలుగు వాక్యాలు చెబితే దుభాషి ఒక్కటి చెబుతాడు. పిల్ల ఒక్క మాట అంటే నాలుగు వాక్యాలు చేస్తాడు. దేవుడు ఇద్దరి మధ్యా సమతూకం పాటిస్తాడన్న దానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. దాత తన ఫోన్లో ఒక కుక్క బొమ్మ చూపించి, పన్నెండేళ్ళు తనతో ఉన్నదనీ, పోయిన చలికాలంలో చచ్చిపోయిందనీ చెప్పి మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. పిల్ల బొమ్మను తదేకంగా చూసింది. తమ్ముడి వైపు ఒకసారి చూసింది. ఆ కుక్కకు పెట్టే డబ్బు ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారని దుభాషిని అడిగింది. దుభాషి అనుభవజ్ఞుడు. మీ కుక్క ఆత్మశాంతి కోసం రోజూ ప్రార్థన చేస్తానంటోందని చెప్పాడు. పద్నాలుగు మందీ ఆమేన్ అన్నారు.

ఈ యాత్రల ఖర్చు మాట ఎత్తడం అమర్యాదే అయినా, పరిశోధకులకు మర్యాదలతో పని లేదు. 1998లో మిచ్ తుపాను హోండురాస్‌ను నేలమట్టం చేశాక, ఉత్తర అమెరికా నుంచి సంఘాల బృందాలు వెళ్ళి అక్కడ ఇళ్ళు కట్టాయి. కర్ట్ వెర్ బీక్ అనే సమాజశాస్త్రవేత్త లెక్క కడితే, రానుపోను ఖర్చులతో సహా బృందం కట్టిన ఒక్కో ఇల్లు సుమారు 30,000 డాలర్లు తేలింది. స్థానిక సంస్థ కడితే 2,000 డాలర్లు. మిగతా 28,000 ఏమైనట్టు అని అడిగేవారు కూడికలూ తీసివేతలూ బాగా నేర్చినవారే గానీ, వారికి ఆధ్యాత్మిక దృష్టి లోపించింది. ఆ సొమ్ముతో కూడా ఇళ్ళే కట్టారు, కాకపోతే యాత్రికుల హృదయాల్లో కట్టారు. వానొచ్చినప్పుడు వాటిలో తలదాచుకోలేకపోవడం ఒక్కటే లోటు. పైగా, యాత్ర చేసి వచ్చినవారి జీవితాల్లో నిలకడగా మారింది కూడా కొద్దేనని ఆ వెర్ బీక్ గారే రాశారు. దీన్ని నేను పిల్లల వైపు నుంచి ఘోరమైన అన్యాయంగా భావిస్తున్నాను. పొద్దుటి నుంచి కుర్చీలో కూర్చుని, పద్నాలుగు నవ్వులు నవ్వి, ఒక పెద్దావిడను ఓదార్చి, పరిచయం లేని కుక్కకు సంతాపం తెలిపి, అంత శ్రమ పడితే వాళ్ళు మారకుండానే ఇంటికి పోతారా?

కాబట్టి ఈ ఉద్యోగానికి ఒక జీతభత్యాల పట్టిక ఉండాలని నా ప్రతిపాదన. కౌగిలికి ఇంత, పాటకు ఇంత, ఓదార్పుకు రెట్టింపు, బడి మానినందుకు పరిహారం వేరే. ఎంపిక హక్కు ఇప్పటికే కొంత వచ్చింది. దాతల ఫోటోలను గోడకు కట్టి పిల్లలనే తమకు నచ్చిన దాతను ఎంచుకోమనే పద్ధతిని వరల్డ్ విజన్ అనే మరో స్పాన్సర్‌షిప్ సంస్థ 2019లో మొదలుపెట్టింది. ఫ్రిజ్ మీద నిలబడే కష్టం ఎలా ఉంటుందో దాతలకు కాస్తయినా తెలిసివచ్చే ఏర్పాటు ఇది. ఒక మిత్రుడు ఇంకో అడుగు ముందుకు వేసి, పిల్లలే పద్నాలుగు మంది ఒకే రంగు టీషర్టులు వేసుకుని దాతల ఇళ్ళకు వెళ్ళి, వారి వంటగది చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుని, శుభ్రంగా ఉన్న గోడకు మళ్ళీ రంగు వేసి రావాలన్నాడు. ఆలోచన బాగుంది. అయితే అర్జీ తీసుకునే వీసా అధికారి పిల్ల బ్యాంకు ఖాతాలో ఎంత ఉందని అడుగుతాడు, తిరిగి వెళ్తుందన్న నమ్మకం ఏమిటంటాడు. దాతగారికి ఈ ప్రశ్నలు ఎదురైన దాఖలా లేదు.

బస్సు వెళ్ళిపోయాక పిల్ల ఇంటికొచ్చి గౌను మడతపెట్టి దాచింది. మరుసటి నెల సంస్థ వారిచ్చిన కాగితం మీద ఉత్తరం రాసింది. చదువు బాగా సాగుతోందనీ, తమ్ముడికి స్వెట్టరు సరిపోయిందనీ, వాడూ వచ్చే ఏడాది బడికి వెళ్ళాలనుకుంటున్నాడనీ, కుక్క పోయినందుకు విచారిస్తున్నాననీ రాసి, అడుగున ఒక పువ్వు బొమ్మ వేసింది. ఆ ఉత్తరం ఇద్దరు అనువాదకుల చేతులు దాటి చేరవలసిన చోటికి చేరింది. మూడు నెలలకు జవాబొచ్చింది. పిల్ల రాసిన మాటలు తమ మనసును ఎంతగానో కదిలించాయట. ఇన్నాళ్ళ వెలితి భరించలేక, మొన్ననే ఒక కొత్త కుక్కపిల్లను తెచ్చుకున్నారట. ఫోటో జతపరిచారు.