వద్దన్న పాత్రకే విగ్రహం

మాస్కోలో బొల్షోయ్ థియేటర్‌కు కాస్త దూరంలో, బొల్షాయా ద్మిత్రోవ్కా వీధిలో సోవియట్ బ్యాలే నర్తకి మాయా ప్లిసెట్స్కాయా విగ్రహం ఉంది. 2016లో ఆమె పుట్టినరోజున ఆవిష్కరించారు. ఆమెకు ప్రపంచమంతా పేరు తెచ్చింది స్వాన్ లేక్ బ్యాలేలోని హంస పాత్ర. శిల్పి మాత్రం ఆమెను ‘కార్మెన్’ బ్యాలే నాయికగా మలిచారు. సోవియట్ సాంస్కృతిక శాఖ 1967 ఏప్రిల్‌లో మొగ్గలోనే తుంచేయాలని చూసింది ఈ కార్మెన్‌నే.

ఆ బ్యాలేకు నృత్యం కూర్చింది క్యూబాకు చెందిన అల్బెర్తో అలోన్సో. ఫ్రెంచ్ స్వరకర్త బిజే ఒపేరా ‘కార్మెన్’ను తీసుకుని తీగ వాయిద్యాలు, తాళ వాయిద్యాలతో కొత్తగా మలిచింది ప్లిసెట్స్కాయా భర్త, స్వరకర్త రోదియోన్ షెద్రిన్. సోవియట్–క్యూబా స్నేహం పేరు చెప్పి సాంస్కృతిక మంత్రి యెకతెరీనా ఫూర్త్సెవాను ముందుగా ఒప్పించింది ప్లిసెట్స్కాయానే. తొలి ప్రదర్శన చూశాక ఆ మంత్రికే మతిపోయింది. శృంగారం హద్దు దాటిందన్నారు, స్పెయిన్ ప్రజల కథానాయికను అవమానించారన్నారు. రెండో ప్రదర్శనను ఆపేయాలని చూశారు. కార్మెన్ బతకదని మంత్రి అంటే, తాను బతికున్నంత కాలం బతుకుతుందని నర్తకి ఎదురు చెప్పారు. చివరికి నెగ్గింది నర్తకే. మంత్రి పేరు ఇవాళ ఎక్కువమందికి గుర్తొచ్చేది ఇలాంటి కథల్లోనే.

2025 నవంబర్ 20కి ప్లిసెట్స్కాయా పుట్టి నూరేళ్లు నిండాయి. ఇలాంటప్పుడు అవార్డుల జాబితా చదివి దండ వేసి ఊరుకోవడం అందరికీ సులువు. 1959లో సోవియట్ యూనియన్ ప్రజా కళాకారిణి బిరుదు, 1964లో లెనిన్ బహుమతి, 1985లో సోషలిస్టు శ్రమ వీరురాలు. జాబితాలో అబద్ధమేమీ లేదు. కానీ ఆ బిరుదులిచ్చిన రాజ్యమే ఆమెకు ఇంకేం ఇచ్చిందో చెప్పకుండా వాటి గురించి మాట్లాడటం సగం లెక్క చూపించడమేనని మా అభిప్రాయం.

ఆమె తండ్రి మిఖాయిల్ ప్లిసెట్స్కీ. ఆర్కిటిక్‌లోని స్పిట్స్‌బెర్గెన్ దీవిలో సోవియట్ బొగ్గు గనుల బాధ్యత చూసిన అధికారి. చిన్నారి మాయా కొంతకాలం ఆ మంచు దీవిలోనే పెరిగింది. 1937లో తండ్రిని అరెస్టు చేశారు, 1938లో కాల్చి చంపారు. మూకీ సినిమాల్లో నటించిన తల్లి రాచెల్ మెస్సెరెర్‌ను కూడా ఆ ఏడాదే పట్టుకెళ్లి, చంటిబిడ్డతో సహా కజకిస్థాన్ శిబిరానికి పంపారు. ‘దేశద్రోహుల భార్యల’ కోసం ప్రత్యేకంగా కట్టిన శిబిరం అది. పన్నెండేళ్ల మాయా అనాథాశ్రమం పాలు కాకుండా అడ్డుపడింది పిన్ని సులమీత్ మెస్సెరెర్, ఆమె బొల్షోయ్‌లో పేరున్న నర్తకి. తండ్రి ఏమయ్యాడన్న నిజం ఆ ఇంటికి ఏళ్ల తరబడి తెలియనివ్వలేదు. 1956లో ఆయన నిర్దోషి అని ప్రకటించారు, అంతే.

ఆ పిల్ల 1943లో బొల్షోయ్‌లో చేరింది. 1949లో స్టాలిన్ డెబ్బయ్యో పుట్టినరోజు సంబరాల్లో, స్టాలిన్, మావో ఎదుట నాట్యం చేసింది. తండ్రిని మింగిన వ్యవస్థకు అధిపతి ముందు వరసలో కూర్చుంటే కాలు తడబడకుండా ఆడటం ఎలా ఉంటుందో ఊహించడం కూడా కష్టం.

విదేశీ అతిథి ఎవరొచ్చినా బొల్షోయ్‌లో స్వాన్ లేక్ చూపించడం క్రెమ్లిన్‌కు రివాజు. వేదిక మీద ఉండేది తరచూ ప్లిసెట్స్కాయానే. ఆమెను దేశం దాటనివ్వడానికి మాత్రం మనసొప్పలేదు. 1953–54 శీతాకాలంలో సోవియట్ కళాకారుల బృందంతో మన దేశం వచ్చి ప్రదర్శనలిచ్చారు, నెహ్రూను కలిశారు. ఆ తర్వాత గేట్లు మూసుకున్నాయి. 1956లో బొల్షోయ్ తొలిసారి లండన్ వెళ్తే అప్పటి మేటి నర్తకి గలీనా ఉలానోవా వెళ్లారు, ప్లిసెట్స్కాయాను మాస్కోలోనే ఉంచేశారు. నిఘా వాళ్ల కారు ఆమె వెంట తిరిగిన రోజులవి. సోవియట్ నేత క్రుశ్చేవ్‌కు లేఖ రాసుకున్నాకే 1959లో అమెరికా పర్యటనకు అనుమతి దొరికింది. భర్త మాత్రం మాస్కోలోనే ఉండిపోవాల్సి వచ్చింది. తిరిగొస్తారన్న హామీకి అంతకంటే పూచీ ఏముంటుంది? ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి పేజీల్లో, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో ఆ దేశాన్ని చూసి మురిసిన తెలుగు పాఠకులకు ఈ పేజీ ఎవరూ తెరిచి చూపలేదు.

మరి ఎందుకు పారిపోలేదు? 1961లో సోవియట్ నర్తకుడు నురెయేవ్ ప్యారిస్‌లో ఆగిపోయారు. 1970లో మకరోవా, 1974లో బరిష్నికోవ్ అదే దారి పట్టారు. అవకాశం ఆమెకూ చాలాసార్లు వచ్చింది. భర్త ఉన్నారు, తల్లి, తమ్ముళ్లు ఉన్నారు, బొల్షోయ్ వేదిక మీద చెప్పలేనంత మమకారం ఉంది. కాబట్టి ఉండిపోయారు, బిరుదులు పుచ్చుకున్నారు, ఆ బిరుదుల బలంతోనే పోట్లాడారు. దీన్ని రాజీ అనేవాళ్లున్నారు. మేము అనం. దేశం లోపల ఉండి పోరాడితేనే కార్మెన్ పుట్టింది. 1972లో ఆమె స్వయంగా కూర్చిన అన్నా కరెనినా బ్యాలే కూడా అంతే.

ఇంత రాజకీయం రాసి నాట్యం గురించి చెప్పకపోతే అన్యాయం. డాన్ కిహోటే బ్యాలేలో నాయిక కిత్రిగా ఆమె గాల్లోకి ఎగిరితే వీపు విల్లులా వంగి వెనక కాలు తలను తాకేంత దగ్గరకు వచ్చేది. డైయింగ్ స్వాన్‌లో ప్రేక్షకులకు వీపు చూపిస్తూ ప్రవేశించేవారు. కనిపించేది చేతులే, వాటిలో ఎముకలున్నాయా అనిపించేది. బ్యాలేలో నలభై దాటితే చాలామంది బూట్లు విప్పేస్తారు. ఆమె యాభైకి చేరువలో, 1975లో ఫ్రెంచ్ నృత్య దర్శకుడు మోరిస్ బెజార్ బొలెరోను ఎర్ర బల్ల మీద ఒంటరిగా, చుట్టూ మగ నర్తకుల మధ్య ఆడారు. డెబ్బయ్యేళ్లకు ఆమె కోసమే బెజార్ ఇంకో నృత్యం కూర్చారు. పాత వీడియోలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. మా మాట నమ్మక్కర్లేదు, చూడండి.

బొల్షోయ్ నాయకత్వంతో ఏళ్ల తరబడి గొడవపడి 1990లో బయటికొచ్చారు. మరుసటి ఏడాది గోర్బచేవ్‌ను దించేయాలని చూసిన ఆగస్టు కుట్ర రోజుల్లో సోవియట్ టీవీ వార్తలు ఆపేసి స్వాన్ లేక్ వేస్తూ కూర్చుంది. జీవితంలో చివరి భాగం ఎక్కువగా మ్యూనిక్‌లో గడిపారు, 2015 మే 2న అక్కడే కన్నుమూశారు.

ఇప్పుడు బొల్షోయ్ మళ్లీ అదే ఇరుకులో పడింది. యుక్రెయిన్ మీద దాడి మొదలయ్యాక 2022లో లండన్ రాయల్ ఒపేరా హౌస్ ఆ బృందం వేసవి ప్రదర్శనలను రద్దు చేసింది. యుద్ధాన్ని ఖండించిన ప్రధాన నర్తకి ఓల్గా స్మిర్నోవా ఆ ఏడాది మార్చిలో నెదర్లాండ్స్ వెళ్లిపోయారు. ఆమె ధైర్యానికి మా అభినందనలు. మాస్కోలో ఉండిపోయిన వాళ్లందరినీ ఒకే గాటన కట్టి, ప్రతి నర్తకి నుంచీ ప్రకటన రాబట్టాలని పట్టుబట్టడాన్ని మాత్రం మేము సమర్థించం. యుద్ధాన్ని వేదిక మీది నుంచి సమర్థించినవాళ్ల సంగతి వేరు. మౌనంగా ఉన్నవాళ్ల ఇంట్లో ఎవరున్నారో, పూచీగా ఎవరు మిగిలారో తెలుసుకోకుండా తీర్పు చెప్పే హక్కు దూరంగా టికెట్ కొనుక్కుని కూర్చున్న ఏ ప్రేక్షకుడికీ లేదు, ఏ సంపాదకుడికీ లేదు.