అది సొరంగం కాదు, మురుగు కాలువ

ఇంగ్లండ్‌లో పాడుబడ్డ క్రైస్తవ మఠాల ఫొటోల కింద ఒకే కథ తిరుగుతుంటుంది: సన్యాసులు రహస్య సొరంగంలో సన్యాసినుల మఠానికి వెళ్లేవారట, చుట్టూ ఉన్న గట్లు కోటగోడలట, క్రామ్‌వెల్ ఫిరంగులతో కూల్చాడట, కింద నిధి ఉందట.

ముందు సొరంగం సంగతి. సన్యాసులు పడుకునే శాల చివర మరుగుదొడ్ల వరస ఉండేది. దాని కిందుగా రాతి కాలువ కట్టి, ఏటినీళ్లు మళ్లించి కడిగేసేవారు. కొన్నిచోట్ల మనిషి నిలబడేంత ఎత్తు ఎందుకంటే, పూడిక తియ్యడానికి మనిషే దిగాలి కాబట్టి. స్కాట్లాండ్‌లోని పైస్లీ మఠం కాలువ పూడికలో పాచికలు, సీసపు ముద్రలు, సంగీతం గీసిన పలక ముక్క దొరికాయి. అనుమానముంటే అడుగు వాలు చూడండి, ఏటివైపే ఉంటుంది. గోడల్లో పైనుంచి దిగే గొట్టాల్లాంటి గూళ్లూ కనిపిస్తాయి. పైగా ఏటి పక్క పల్లంలో నాలుగడుగులు తవ్వితే ఊట. మైళ్ల సొరంగంలో నీళ్లు ఎవరు తోడిపోస్తారు?

ఇక గట్లు. చెరువు కింద వ్యవసాయం చూసినవాళ్లకి ఇవి చూడగానే తెలిసిపోవాలి. బర్మింగ్‌హామ్‌కి దక్షిణాన రెడిచ్‌లో, 1140 ప్రాంతంలో వెలసిన బోర్డ్స్‌లీ మఠమే తీసుకోండి. అక్కడి సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసులు యారో నదినే పక్కకు మళ్లించి, చేపల చెరువులు, నీటిమరకు నీళ్లు తెచ్చే కాలువ తవ్వుకున్నారు. 1170లలో కట్టిన ఆ నీటిమర పిండి కోసం కాదు, లోహపు పని కోసం. కోట కందకమైతే తవ్విన మట్టిని లోపలివైపు పోస్తారు. చెరువు కట్ట వాలుకి అడ్డంగా, పల్లపువైపు ఉంటుంది. మధ్యలో తెగినట్టున్న చోట తూము ఉండేది, దాని వెనక నేల ఇప్పటికీ చెమ్మగానే ఉంటుంది. మఠం ఆవరణకీ సరిహద్దు గట్టు ఉండేది, నిజమే, కానీ అది ప్రహరీ లాంటిది.

ఫిరంగుల మాట మరీ విడ్డూరం. మఠాలు రద్దుచేసింది ఇంగ్లండ్ రాజు 8వ హెన్రీ, నడిపించింది అతని మంత్రి థామస్ క్రామ్‌వెల్. కథలోని ఫిరంగుల క్రామ్‌వెల్ వేరే మనిషి, ఆలివర్; అతను పుట్టింది 1599లో. బోర్డ్స్‌లీ 1538లోనే మూతపడింది. కప్పు మీది సీసం ఒలిచి, కరిగించి, రాయి, గాజు అమ్మేశారు. యార్క్‌షైర్‌లోని రీవో మఠంలో రాజముద్ర వేసిన సీసపు దిమ్మలు కూలిన రాళ్ల కింద దొరికాయి. నిధి అంటే అదే.

మెటల్ డిటెక్టర్ పట్టుకుని మాత్రం బయల్దేరకండి. రక్షిత కట్టడంలో అనుమతి లేకుండా వాడితే నేరం. చలికాలపు సాయంత్రం, ఎండ ఏటవాలుగా పడే వేళ వెళ్లండి. జానెడు ఎత్తు గట్టు కూడా నీడతో తేలుతుంది.